ముడి విప్పుట నిషేధము

నూకాలమ్మకు మతిమరుపు వచ్చింది గాని, ఆమె చేతులకు రాలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

గెడ్డపేటలో వల చిక్కు తీయాలంటే నూకాలమ్మ తర్వాతే ఎవరైనా అనేవారు. యాభై ఏళ్లపాటు పొద్దున్నే ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చుని, పడవ దిగిన వలను ఒళ్లో వేసుకుని, లోకాభిరామాయణం చెబుతూనే ముళ్లన్నీ విప్పేసేది. ఆ పనికి ఒక పద్ధతి ఉంది. వల బిగుతుగా ఉంటే తప్ప ముడి కనబడదు. అందుకని రెండో కొసను ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఎవరన్న పట్టింపు లేదు. దారిన పోయేవారెవరైనా సరే, “కొస పట్టు” అంటే చేతిలోది కింద పెట్టి పట్టుకోవలసిందే. చిక్కు తీసే మనిషి “ఒగ్గీ”, అంటే వదిలెయ్, అనేదాకా వదలకూడదు. మధ్యలో వదిలేసినవాడికి ఆ ఏడాదంతా నిలకడ ఉండదని ఊరి నమ్మకం. ఒకసారి ఓట్లడగడానికి వచ్చిన పెద్దమనిషి కొస పట్టుకుని అరగంట నిలబడిపోయాడు. ఆ అరగంటలో అవతలి పార్టీవాళ్లు ఊరంతా తిరిగేశారు. ఆయన ఓడిపోయాడు గాని, కొస మాత్రం వదల్లేదని ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు.

డెబ్భై ఆరో ఏట నూకాలమ్మ ఒక్కొక్కటే మర్చిపోవడం మొదలుపెట్టింది. ముందు ఉప్పు డబ్బా ఎక్కడుందో మర్చిపోయింది. తర్వాత మొగుడు పోయాడన్న సంగతి మర్చిపోయి, సాయంత్రమయ్యేసరికి సముద్రం వైపు చూసి, “పడవింకా రానేదేటి” అనేది. తర్వాత కూతురు రాజులమ్మ పేరు మర్చిపోయి, ఏ ఆడపిల్లనో పిలిచినట్టు “గుంటా” అని పిలవసాగింది. చేతులు మాత్రం పని అడుగుతూనే ఉన్నాయి. వల కనబడకపోయేసరికి కుడిచేతి వేళ్లు ఎడమచేతి మీది చర్మాన్నే వల అనుకున్నాయి. గిల్లి, లాగి, గోళ్లతో ఎత్తి, నెత్తురు వచ్చేదాకా విప్పుతూ ఉండేవి. కట్టు కడితే కట్టు విప్పేవి.

“ఈ ముడేటో సేనా గట్టిగున్నాది గుంటా,” అనేది తన పుండును చూపించి.

రాజులమ్మ ఇంటి అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషి. డాక్టరు జబ్బు పేరు ఇంగ్లీషులో చెప్పి, మందు తెలుగులో చెప్పాడు: “చేతులకు పని పెట్టమ్మా.” ఆమె ఆ రాత్రే ముక్కల మూట విప్పింది. చొక్కా పట్టీ ఒకటి, దానికి అయిదు బొత్తాలు. జాకెట్ హుక్కులు ఒక వరస. ఎవరో మార్పించుకున్న ప్యాంటు జిప్పు. లంగా బొందు ముక్క. గుప్పెడు చింతపిక్కలు పోసి మూతి కుట్టేసిన చిన్న సంచి. ఇవన్నీ ఒక తువ్వాలంత గుడ్డ మీద కుట్టి, చుట్టూ అంచుకు మాత్రం ఇంటి చూరులోంచి తీసిన పాత వల ముక్క వేసింది. అది తండ్రి తన చేత్తో అల్లిన నూలు వల. ఇప్పుడు ఊళ్లో ఉన్నవన్నీ నైలాను వలలే. వాటిని నూకాలమ్మ వేళ్లు ముట్టుకుని, వాసన చూసి, పక్కన పడేస్తాయి.

గుడ్డ ఒళ్లో వేయగానే నూకాలమ్మ బొత్తాలను పట్టించుకోలేదు. అంచు వెతికింది. ముడి దొరికింది. విప్పింది. కట్టింది. మళ్లీ విప్పింది.

“కొస పట్టు గుంటా,” అంది.

పది రోజుల్లో ఎడమచేతి పుండు పక్కు కట్టింది.

*

పక్కనున్న చిన్న పట్నంలో వయోవృద్ధుల పగటి సంరక్షణ కేంద్రం ఉంది. రాజులమ్మ రోజూ తల్లిని పొద్దుటి బస్సుకు తీసుకెళ్లి అక్కడ దింపి, సాయంత్రం తెచ్చుకుంటుంది. అక్కడి ఆయా సంతోషమ్మ ఆ గుడ్డను రెండు రోజులు గమనించింది.

“రాజులూ, ఇలాంటివి ఇంకో ఆరు కుట్టి పెట్టవే. మా కండక్టరు తాత రోజూ కిటికీ తెరలు చింపేస్తన్నాడు.”

కండక్టరు తాత అంటే వరహాలు. ముప్ఫై రెండేళ్లు బస్సులో టిక్కెట్లు చింపిన చేతులు అవి. రాజులమ్మ ఆయన గుడ్డకు తోలు సంచి మూత ఒకటి కుట్టి, లాగితే ఊడి, నొక్కితే అంటుకునే బట్టముక్కలు పెట్టింది. వంటలక్కకు పప్పు ఏరుకునే జేబు, టైలరు తాతకు కొలత టేపు. ఎవరి చేతులు ఏమి అడుగుతాయో అది పెట్టింది. వారం తిరిగేసరికి ఆ హాల్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడసాగింది. అంతకు ముందు ఆ ఫ్యానుకు చప్పుడుందని ఎవరికీ తెలియదు.

సరిగ్గా ఆ వారమే సహాయ సంచాలకులు త్రివిక్రమరావు గారు తనిఖీకి వచ్చారు. ఆయన అప్పటికి చాలా బాధలో ఉన్నారు. ప్రతి అధికారీ నెలకొక వినూత్న ఆలోచన పంపాలని పైనుంచి ఆదేశం. కిందటి నెల ఆయన కేంద్రంలో కుర్చీలన్నీ ఉత్తరం వైపు తిప్పించి పంపారు. అంతకు ముందు నెల దక్షిణం వైపు తిప్పించి పంపారు. ఈ నెలకు దిక్కులు అయిపోతున్నాయి.

“ఏమిటీ నిశ్శబ్దం? అందరూ నిద్రపోతున్నారా?”

“నేదండి, పనిలో ఉన్నారండి,” అంది సంతోషమ్మ.

త్రివిక్రమరావు గారు నూకాలమ్మ ఒళ్లోని గుడ్డను చూశారు. కళ్లద్దాలు తీసి చూశారు. పెట్టుకుని చూశారు. ఆయన మొహం వెలిగింది.

“ఇది గుడ్డ కాదు. పథకం.”

ఆ మాట అంటూనే గుడ్డను నూకాలమ్మ ఒళ్లోంచి ఎత్తి సహాయకుడికి ఇచ్చారు. అప్పటికప్పుడు దాన్ని నాలుగు మడతలు పెట్టి, నాడాతో అడ్డంగా నిలువుగా కట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి, సీలు వేశారు. రాజులమ్మ సాయంత్రం వచ్చేసరికి ఇదంతా జరిగిపోయింది. సీలు వేసిన కట్ట జీపులో ఉంది. తల్లి చేతులు ఒళ్లో ఖాళీగా కదులుతున్నాయి.

“బావూ, అది మాయమ్మదండి,” అంది రాజులమ్మ జీపు దగ్గరికి పరుగెత్తి.

“ఇకపై అది మీ అమ్మగారిది మాత్రమే కాదమ్మా, రాష్ట్రంలోని ప్రతి అమ్మగారిదీను. నమూనాగా స్వీకరించడమైనది.”

“మరి మళ్లీ ఎప్పుడిస్తారండి?”

“మూడు పనిదినములలో తగు నిర్ణయం తీసుకొనబడును.”

ఎవరు తీసుకుంటారో ఆ వాక్యంలో లేదని రాజులమ్మకు బస్సెక్కాక తోచింది.

*

ఆమె మరో గుడ్డ కుట్టింది. అంతకంటే మంచి బొత్తాలు పెట్టింది. కాని తండ్రి వల ముక్క ఉన్నది ఆ ఒక్కటే. నూకాలమ్మ కొత్త గుడ్డ అంచును ముట్టుకుని, వాసన చూసి, పక్కన పెట్టింది. ఎడమచేతి పక్కు మళ్లీ లేచింది.

మూడు పనిదినాలు మూడు వారాలయ్యాయి. ఈలోగా ‘హస్త చైతన్య వస్త్ర పథకం’ పుట్టి, బారసాల జరిపించుకుని, నడవడం కూడా మొదలుపెట్టింది. ఒక కమిటీ కూర్చుంది. ఒక్కొక్కరికీ ఒక్కో రకం గుడ్డ ఉండడం వల్ల వృద్ధుల మధ్య వివక్ష ఏర్పడుతున్నదని గుర్తించింది. కావున అందరికీ పన్నెండు బొత్తాలు, ఆరు హుక్కులు, నాలుగు ముళ్లు, ఒక జిప్పు. రంగు బూడిద. తోలు సంచి మూతలు, పప్పు జేబులు, చింతపిక్కలు నిబంధనలకు విరుద్ధం. వాటిని పోగుచేసి కేంద్రంలోనే ఒక గదిలో పెట్టి తాళం వేశారు.

కుట్టే పనికి రాజులమ్మ కూడా దరఖాస్తు పెట్టుకుంది. అలాంటి గుడ్డలు కుట్టడంలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలన్నారు.

“ఆ గుడ్డ నాను కనిపెట్టి మూడు నెల్లు కూడా అవనేదండి,” అంది రాజులమ్మ.

“అదేనమ్మా లోపం,” అన్నాడు గుమాస్తా జాలిగా. పని ఎరువుల బస్తాలు కుట్టే ఒక సంస్థకు వెళ్లింది. వాళ్లకు ముప్ఫై ఏళ్ల అనుభవముంది.

లబ్ధిదారుల ఎంపికకు దరఖాస్తు ఫారాలు వచ్చాయి. అందులో ఏడో గడి: ‘మరుపు ప్రారంభమైన తేదీ, సమయము (దరఖాస్తుదారు స్వయముగా చెప్పవలెను)’. సంతోషమ్మ ఒక్కొక్కరినే అడుగుతూ కూర్చుంది. చాలామంది చెప్పలేకపోయారు, వివరాలు అసంపూర్ణమని వారి ఫారాలు తిరస్కరించారు. వరహాలు ఒక్కడే ఠక్కున చెప్పాడు.

“కార్తీక సోమవారం. పొద్దున్న ఏడూ పది. సింగిల్ సర్వీసు. రైలుగేటు దాటాక వచ్చే స్టేజీ పేరు నోటికి రానేదు. అప్పుడే అనుకున్నాను, ఒరే వరహాలూ, నీ పనయిపోనాదిరా అని.”

ఇంత స్పష్టంగా గుర్తున్న మనిషికి మతిమరుపు లేదని ఆయన ఫారాన్నీ తిరస్కరించారు. చివరికి లబ్ధిదారులు ఎవరూ మిగలక, పథకం ఆగిపోతుందేమోనని భయపడి, అందరినీ ‘ప్రత్యేక మినహాయింపు’ కింద చేర్చుకున్నారు. మినహాయింపు ఎందుకిచ్చారో మర్చిపోకుండా ఒక ఫైలు తెరిచారు.

బూడిదరంగు గుడ్డలు వచ్చాయి. గరుగ్గా ఉన్నా, వృద్ధులు చేసుకున్నారు. బొత్తాలు పెట్టారు, విప్పారు, పెట్టారు, విప్పారు. అదైనా అలా సాగిపోయేదే. కాని అప్పుడే ప్రగతి పరిశీలకుడు కూర్మనాథం గారు పట్టిక పట్టుకుని వచ్చారు.

కూర్మనాథం గారికి గడుల పట్టిక అంటే ప్రాణం. గడి నిండకపోతే ఆయనకు అన్నం సయించదు.

“ఈమె పొద్దున్న ఎన్ని బొత్తాలు పెట్టింది?”

“పన్నెండండి,” అంది సంతోషమ్మ.

“ఆ తర్వాత?”

“విప్పేసిందండి.”

“ఎన్ని?”

“పన్నెండేనండి.”

“అంటే మిగిలింది?”

సంతోషమ్మ ఆలోచించింది. “మనసు కుదుటపడిందండి.”

“ఆ గడి ఇందులో లేదు.” కూర్మనాథం గారు పెన్సిలు నాలుకతో తడుపుకుని సున్నా చుట్టారు. అలా ముప్ఫై నలుగురికీ ముప్ఫై నాలుగు సున్నాలు చుట్టి, అడుగున కూడి, ఇంకా పెద్ద సున్నా చుట్టారు. “పొద్దస్తమానం పనిచేసి, చివరికి మొదలుపెట్టిన చోటే ఉన్నారు. దీన్ని మా భాషలో నిష్ఫల శ్రమ అంటారు.”

“మరి రోజూ ఇల్లు తుడుస్తాం గదండీ, మర్నాడు మళ్లీ దుమ్మే గదా,” అంది సంతోషమ్మ.

“అదీ పరిశీలనలో ఉంది.”

వారంలో ఉత్తర్వు దిగింది. ‘ఇందుమూలముగా యావన్మంది లబ్ధిదారులకు తెలియజేయునది ఏమనగా, బొత్తాము పెట్టుట, హుక్కు తగిలించుట, ముడి వేయుట అనునవి ప్రగతిగా పరిగణింపబడును. వాటిని తిరిగి విప్పుట ప్రగతి నిరోధకముగా పరిగణింపబడును. కావున ముడి విప్పుట నిషేధము.’ దీన్ని పెద్దక్షరాలతో బోర్డు రాయించి హాల్లో తగిలించారు. అది చదవగలిగిన వృద్ధులు చదివి, వెంటనే మర్చిపోయారు. చదవలేనివారికి మర్చిపోయే శ్రమ తప్పింది.

మొదటిరోజు పొద్దున్న పది నిమిషాల్లో ముప్ఫై నాలుగు గుడ్డలూ బొత్తాలు పెట్టేసుకుని, ముళ్లు బిగించేసుకుని, పూర్తయిపోయాయి. నూటికి నూరు శాతం ప్రగతి. ఆ తర్వాత ముప్ఫై నలుగురూ బిగిసిన గుడ్డలు ఒళ్లో పెట్టుకుని సాయంత్రం నాలుగింటిదాకా చూస్తూ కూర్చున్నారు. మూడోరోజు వరహాలు హాజరుపట్టీ అందుకుని, పేజీకి నాలుగు చొప్పున చింపి అందరికీ టిక్కెట్లు ఇచ్చాడు. నూకాలమ్మకు కూడా ఇచ్చాడు. ఆమె ఆ కాగితాన్ని పుండు మీద అంటించుకుంది.

*

పూర్తయిన పనిని మళ్లీ మొదలుపెట్టాలంటే ఎవరో ఒకరు విప్పాలి. వృద్ధులు విప్పకూడదు. ఈ ధర్మసంకటం మీద త్రివిక్రమరావు గారు నాలుగు సమావేశాలు జరిపి, తేల్చారు. విప్పడానికి వేరే మనుషులను నియమించారు. ముగ్గురు. డిగ్రీ చదివినవాళ్లు. పదవి పేరు ‘విప్పుదారు’. మెడలో గుర్తింపు కార్డులు వేసుకుని, నాలుగింటికి వృద్ధులను ఇళ్లకు పంపాక, గుడ్డలన్నీ ముందేసుకుని కూర్చుని విప్పేవారు.

ఆ నెల రాజులమ్మ మూడోసారి కార్యాలయానికి వెళ్లింది. అప్పటికే రెండుసార్లు దరఖాస్తు రాసిచ్చింది. ఒకసారి నీలం సిరాతో రాసిందని, ఒకసారి నీలం సిరాతో రాయలేదని తిప్పి పంపారు.

“సారూ, ఓ మాటడుగుతాను, కోప్పడకండి. పెద్దోలు కట్టింది మీవోలు విప్పేస్తన్నారు. మరి ఆరి లెక్క మళ్లీ సున్నాయే గదండీ?”

త్రివిక్రమరావు గారు ముచ్చటగా నవ్వారు. అడగవలసిన ప్రశ్న ఇన్నాళ్లకు ఒకరు అడిగారన్న సంతోషం అది.

“కట్టువారు మా శాఖ కింద ఉన్నారు. విప్పువారిని ఉపాధి శాఖ కింద పెట్టించాం. ఆ పట్టిక వేరు, ఈ పట్టిక వేరు. రెండు పట్టికలూ ఒకే బల్ల మీదికి రావు. వారికి విప్పుటలో నూటికి నూరు, మాకు కట్టుటలో నూటికి నూరు.”

“మరి ముసిలోలు నాలుగింటిదాకా ఏటి సెయ్యాలండి?”

“వారు లబ్ధి పొందుచుండవలెను.”

రాజులమ్మ తల్లి చేతిని ఫోనులో తీసిన బొమ్మ చూపించింది. పుండు మోచేతిదాకా పాకింది. “మాయమ్మకి ఆ నమూనా గుడ్డిచ్చీండి సారూ. అందులో మా నాన అల్లిన వలముక్క ఉన్నాది. అదుంటే సెయ్యి గిల్లుకోదు.”

ఆయన బొమ్మను చూశారు. మొహం ఒక్క క్షణం మామూలు మనిషి మొహమయింది. తర్వాత సర్దుకుంది.

“నమూనా ఇచ్చివేసినచో, మిగతావి దేనికి సరిపోలినవో ఎట్లు తెలియును?”

“అవి దేనికీ సరిపోలనేదు గదండీ. దానికి పన్నెండు బొత్తాలే నేవు.”

“ఆ విషయము నమూనా చూస్తేగాని తేలదు. నమూనా చూడాలంటే సీలు తీయాలి. సీలు తీస్తే అది నమూనా కాదు.” గుమాస్తా భ్రమరాంబను పిలిచి నిబంధన చూడమన్నారు. ఆమె చూసి, ఒక దారి ఉందంది. గుడ్డ ఎవరిదో ఆ మనిషే స్వయంగా హాజరై, అది తనదేనని గుర్తుపట్టి, తన నోటితో చెప్పి, గుర్తులు వివరించాలి.

“గుర్తుపట్టాలా,” అంది రాజులమ్మ.

“జ్ఞాపకశక్తి ఉన్న మనిషి అయితే రెండు నిమిషాల పనమ్మా,” అంది భ్రమరాంబ.

*

సోమవారం పొద్దున్నే రాజులమ్మ తల్లికి తల దువ్వి, ఉతికిన చీర కట్టి, కార్యాలయానికి తీసుకెళ్లింది. దారంతా నేర్పింది. “అమ్మా, ఇది నాదే అనాల. అంచుకి నూలు వలుంది అనాల.” నూకాలమ్మ తలూపింది. “పడవెప్పుడొస్తాదని అడగాలా?” అంది.

త్రివిక్రమరావు గారు లోపలి గదిలో తలుపేసుకుని, పథకం విజయాన్ని గురించి పెద్దలకు తెర మీద వివరిస్తున్నారు. కూర్చోమన్నారు. కూర్చోవడానికి చోటు రికార్డు బీరువాల పక్క బల్ల ఒక్కటే. తలుపుల్లేని ఆ బీరువాల నిండా, నేలనుంచి కప్పుదాకా, ఫైళ్ల కట్టలు. ప్రతి కట్టకూ నాడా, ప్రతి నాడాకూ ముడి, కొన్నిటికి ముడి మీద ముడి, దాని మీద లక్క. కొన్ని పదకొండేళ్లుగా ఎవరూ ముట్టుకోనివి.

నూకాలమ్మ వాటిని కింద నుంచి పైదాకా చూసింది. ఆమె మొహంలో కోపం వచ్చింది. చాలా కాలానికి వచ్చిన కోపం.

“ఒలమ్మ, ఇన్ని వలలేటి ఇలగొగ్గీసినారు. ఆడోలు నేరా ఈ పేటలో?”

మొదటి కట్ట లాగి ఒళ్లో వేసుకుంది. రెండు వేళ్లతో తడిమి, చిటికెన గోరు దూర్చి, ఒక్క గుంజు గుంజింది. పదకొండేళ్ల ముడి నీళ్లలా జారిపోయింది. నాడాను చుట్టచుట్టి పక్కన పెట్టి, కాగితాలను చేపల్లా అవతలికి విసిరి, రెండో కట్ట అందుకుంది.

రాజులమ్మ గభాలున లేచింది. ఆపడానికి చెయ్యి చాచింది. అప్పుడు చూసింది: తల్లి కుడిచెయ్యి ఎడమచేతిని వదిలేసింది. రెండు నెలల్లో మొదటిసారి.

“గుంటా, కొస పట్టు,” అంది నూకాలమ్మ.

రాజులమ్మ అటూ ఇటూ చూసి, కొస పట్టుకుంది.

కార్యాలయంలో అందరూ చూశారు. ఆపవలసినవాళ్లెవరో తేలలేదు. బంట్రోతు అప్పన్న వచ్చి, “నాది మంచినీళ్ల డూటీ తల్లీ, కాయితాలు నాకు సంబంధం నేదు” అని నూకాలమ్మకు మంచినీళ్లిచ్చి వెళ్లాడు. భ్రమరాంబ కుర్చీలోంచే వివరించింది: “ఆ బీరువా సెలవులో ఉన్నాయనది. ఆయన కట్టలు నేను ముట్టుకుంటే తప్పు నాదవుతుంది. ఆమె ముట్టుకుంటే, ఆమె ఏ సెక్షనో ముందు తెలియాలి కదా.” అందరూ అది నిజమేనన్నారు. మధ్యాహ్న భోజనానికి లేచేసరికి రెండు బీరువాలు ఖాళీ అయ్యాయి. పైన ఫ్యాను తన పని తాను చేస్తోంది. ఉత్తర్వులు, మినహాయింపులు, మినహాయింపులకు కారణాలు, అన్నీ కలిసిమెలిసి హాలంతా తిరుగుతున్నాయి.

రెండు వందల పదిహేను కట్టల తర్వాత ఆమె చేతికి మెత్తటి కట్ట ఒకటి తగిలింది. ముడి మీద లక్క ఉంది. నూకాలమ్మ దాన్ని పీత కాలు కొరికినట్టు పంటితో కొరికి, పటుక్కున విరిచి, ఉమ్మేసింది. నాడా ఊడింది. మడతలు విడిపోయాయి. వేళ్లు అంచు వెతుక్కున్నాయి. నూలు వల తగిలింది.

ఆమె చేతులు ఆగాయి. గుడ్డను ముక్కుకు ఆనించుకుంది.

“మీ నాన వచ్చీసినాడు గుంటా. వల తడిగుంది,” అంది.

లోపలి తలుపు తెరుచుకుంది. త్రివిక్రమరావు గారు విజయం వివరించిన మొహంతో బయటికి వచ్చి, ఎగురుతున్న కాగితాలు చూసి, గుమ్మంలోనే నిలబడిపోయారు. తర్వాత ఆయన కళ్లు నమూనా మీద పడ్డాయి.

“సీలు. సీలు ఎవరు తీశారు?”

గబగబా వచ్చి గుడ్డ కొస పట్టుకుని లాగారు. గుడ్డ బిగుసుకుంది. చిక్కు తీసేవారికి కావలసిందదే.

“ఆఁ, అలగే. బిగించి పట్టు బావూ,” అంది నూకాలమ్మ సంతోషంగా, ముళ్ల వైపు వంగి.

“ఏమమ్మా, ఏమిటిది?”

“కొస పట్టుకున్నారు గదండీ,” అంది రాజులమ్మ వినయంగా. “ఒగ్గీ అనేదాకా వదలకూడదండి. మధ్యలో వదిలినోలికి ఆ ఏడాది నిలకడుండదంటారు మావైపు. ఎక్కడా కుదురుగా ఉండనివ్వరట. మీకు అలాంటివి నమ్మకం నేకపోతే వదిలీయొచ్చండి.”

త్రివిక్రమరావు గారు గోడమీది క్యాలెండరు వైపు చూశారు. బదిలీల నెల. జాబితా గురువారం వస్తుందని పొద్దున్నే ఎవరో చెప్పారు. ఆయన చేతులు సడలబోయి, మళ్లీ బిగుసుకున్నాయి.

జేబులో ఫోను మోగింది. రెండు చేతులూ ఖాళీ లేవు. మోగి మోగి ఆగింది. అప్పన్న సంతకానికి ఏదో తెచ్చి, చూసి, వెనక్కి తీసుకెళ్లాడు. పావుగంటకు కూర్మనాథం గారు పట్టికతో వచ్చారు.

“ఏం జరుగుతోంది సార్?”

“నమూనా పరిశీలన,” అన్నారు త్రివిక్రమరావు గారు కదలకుండా.

కూర్మనాథం గారు పక్కన నిలబడి పెన్సిలు తడుపుకున్నారు. నూకాలమ్మ ఒక ముడి విప్పింది. ఒకటి రాశారు. అదే ముడి కట్టింది. దాన్ని కొట్టేశారు. మళ్లీ విప్పింది. మళ్లీ రాయబోతుంటే, ఆమె తలెత్తి ఆయన్ను ఎగాదిగా చూసింది.

“నీకేటి పని నేదా నాయినా? గుంజలా నిలబడ్డావు. ఆ మద్దిన పట్టు.”

ఆయన పై అధికారి వైపు చూశారు. పై అధికారి కళ్లతోనే పట్టమన్నారు. కూర్మనాథం గారు పట్టిక బల్లమీద పెట్టి, నడుం వంచి, మధ్యన పట్టుకున్నారు.

గంటాపావు అలా గడిచింది. ఆ కార్యాలయం చరిత్రలో ఇద్దరు అధికారులు ఒకే పని మీద అంతసేపు కలిసి ఉండడం అదే మొదలని భ్రమరాంబ తర్వాత చెప్పింది. నూకాలమ్మ ఆఖరి ముడి విప్పి, వేళ్లు విదుల్చుకుని, ఇద్దరినీ చూసి మెచ్చుకోలుగా నవ్వింది.

“ఒగ్గీండి.”

ఇద్దరూ వదిలేశారు. ఆమె గుడ్డను మడతపెట్టి, చంకలో పెట్టుకుని, “పద గుంటా, సందేళయింది” అని నడిచింది. రసీదు అడగవలసినవాళ్లు అప్పటికి వేళ్లు తిమ్మిరెక్కి చేతులు దులుపుకుంటున్నారు.

*

ముడి విప్పుట నిషేధమన్న ఉత్తర్వు అసలు ప్రతి ఆ కాగితాల్లో ఎక్కడికి పోయిందో ఇప్పటికీ దొరకలేదు. అసలు ప్రతి లేనిదే బోర్డు ఉండకూడదని భ్రమరాంబ నిబంధన చూపించడంతో, బోర్డు తీసేశారు. విప్పుదారులు విప్పడానికి ఏమీ మిగలక, రెండు వందల పదిహేను కట్టలను మళ్లీ కట్టే పనికి వెళ్లారు. వాళ్ల శాఖలో కట్టడానికి గడి లేదట, ఆ చర్చ నడుస్తోంది. తాళం వేసిన గది సంతోషమ్మ తెరిపించింది. వరహాలు తన తోలు మూత తీసుకుని, మొదటి టిక్కెట్టు ఆమెకే ఇచ్చాడు.

గురువారం జాబితాలో త్రివిక్రమరావు గారి పేరు లేదు. ఆయన దీన్ని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. కాని శుక్రవారం గెడ్డపేటలో ఒక చేపల సావిడి చూసే పని పెట్టుకుని వచ్చి, వలల పక్కనుంచి చాలా నెమ్మదిగా నడిచి వెళ్లారని చూసినవాళ్లున్నారు.

పదిహేను రోజులకు నూకాలమ్మ పేరు మీద ఒక కట్ట వచ్చింది. లోపల రెండు కాగితాలు. ప్రభుత్వ ముళ్లను అనుమతి లేకుండా ఎందుకు విప్పితివో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెనని ఒకటి. పదకొండేళ్లుగా కదలని రెండు వందల పదిహేను ఫైళ్లను ఒక్కరోజులో తెరిపించినందుకు అభినందనలు తెలుపుతూ మరొకటి. రెండింటి మీదా ఒకే నంబరు, ఒకే సంతకం.

రాజులమ్మ రెండూ చదివి, మడతపెట్టి, ఊగుతున్న కుట్టుమిషను కాలి కింద పెట్టింది. మిషను కుదురుకుంది. కట్టకు చుట్టి ఉన్న నాడాను నూకాలమ్మ అప్పటికే విప్పేసి, వల అంచుకు ముడివేసుకుని, మళ్లీ విప్పుతోంది.

ఆమె ఎడమచేతి మీద పుండు మానింది. దాన్ని రాసుకోవడానికి ఏ పట్టికలోనూ గడి లేదు.